జ్ఞానానందం గారి చక్కర్లు

“వచ్చి ఇంతసేపయింది. ఎందుకొచ్చేరో సెప్పరేటి ఈయన?” వంటింట్లో గోంగూర వలుస్తూ గొణిగింది దేవమణి.

హాల్లో ఆమె ఆడపడుచు భర్త జ్ఞానానందం, గంజి పెట్టిన తెల్ల లాల్చీలో, సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. కోటబొమ్మాళిలో బస్సెక్కి, విజయనగరంలో వీళ్ళు కొత్తగా మారిన ఈ ఇంటికి మొదటిసారి వచ్చాడు. “ఇటేపు పనుండి వచ్చాను, సూసి పోదామని” అన్నాడు. అంతే.

దేవమణి ఆ మాట నమ్మలేదు. ఈస్టరు భోజనాల దగ్గర ఈయనే, బంధువులందరి ముందూ, “మెర్సీని ఎంతెత్తుకైనా ఎగరనీండి. దిగేది మా బెన్హర్ ఇంట్లోనే” అన్నాడు. ఆయన కొడుకు బెన్హర్‌కి ఎరువుల కొట్టుంది. పెళ్ళాం వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే తను నిద్రపోవచ్చన్నది అతని ఆశయం. ఇటు చూస్తే దేవమణి కూతురు మెర్సీ పైలట్ శిక్షణలో ఉంది, సోమవారమే పరీక్ష. అక్క మొగుడు నోరు తెరిచి అడిగాడంటే దేవమణి భర్త కాదనలేడు. కాబట్టి ఆ నోరు తెరుచుకోకూడదు.

“మావయ్యది వి.ఓ.ఆర్.-ఏ అమ్మా” అంది మెర్సీ, చేతిలో ఉన్న చార్టు ఊపుతూ.

“అదేటే?”

“మబ్బులో పైలట్‌కి నేల కనపడదు కదా. ఎలా దిగాలో ఈ కాగితం సెప్తాది. ఆ దారి రన్‌వేకి తిన్నగా వస్తే, దాని పేరులో రన్‌వే నంబరుంటాది. బాగా పక్కనించి వస్తే నంబరివ్వరు. ఏ, బీ అని ఒక అక్షరం తగిలిస్తారు. వి.ఓ.ఆర్. అంటే దారి సూపించే రేడియో.”

“ఏ అంటే అర్థమేటి మరి?”

“ఏమీ లేదు. మొదటిదని. ‘ఊరి దాకా తెస్తాను, ఎటునించి దిగుతావో నువ్వే సూసుకో’ అని. అక్కణ్ణించి రన్‌వేని కంటితో సూసుకుంటా చుట్టూ తిరిగి దిగాలి.”

“కనపడకపోతే?”

“ఇంక దిగకూడదు. పైకెగిరి పోవాలి.”

దేవమణి చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది. “కనపడకుండా చేస్తే పోతారన్నమాట.”

“పుస్తకంలో అలాగే ఉన్నాది.”

“అయితే నీ గదిలోకి పోయి తలుపేసుకో.”

మెర్సీ వెనక గదిలోకి పోయింది. దేవమణి హాల్లోకి వచ్చి, వెనక్కి పోయే దారికున్న కర్టెన్ బర్రున లాగేసింది. జ్ఞానానందం చూపు ఆ కర్టెన్ మీదే నిలిచిపోయింది.

“టీ తాగుతారా అన్నయ్యా?”

“వద్దమ్మా.”

“పోనీ మంచినీళ్ళు?”

“అసలొద్దు.”

సంబంధం మాట తేలే దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడన్నమాట, అనుకుంది దేవమణి.

“ఇల్లు బాగున్నాది సెల్లీ. గదులెన్నేటి?”

“రెండు.”

“ఎనక పెరడున్నాదా?”

“లేదు. గోడే.”

ఆయన మొహం వాడిపోయింది. పిల్లతోపాటు ఏమొస్తుందో లెక్కేసుకుంటున్నాడని దేవమణికి ఒళ్ళు మండింది.

“నీళ్ళు బాగా వస్తన్నాయా?”

“ఎక్కడండీ. రోజు విడిచి రోజు.”

జ్ఞానానందం లేచాడు. వరండా దాకా నడిచాడు. గేటు బయటకు, అటూ ఇటూ చూశాడు. వీధి నిండా జనం. తిరిగొచ్చి కూర్చుని కాలు మీద కాలు వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు. ఆయన చూపు మళ్ళీ కర్టెన్ మీదకు పోయింది. దేవమణి కుర్చీ లాక్కుని సరిగ్గా కర్టెన్‌కి అడ్డంగా కూర్చుంది.

“మా బామ్మర్ది ఎప్పుడొస్తాడు?”

“రాత్రవుతాది.”

“రాత్రా?” ఆయన గొంతు పీలగా వచ్చింది. “అతనుంటే బాగున్ను. ఒక్క మాట అడగాల. ఆడోళ్ళతో ఎలా సెప్తాను, అదీ మొదటిసారొచ్చిన ఇంట్లో.”

రన్‌వేకి తిన్నగా వచ్చేశాడు. దేవమణి గబగబా మాట మార్చింది. “మీ వేపు వానలెలా ఉన్నాయన్నయ్యా? వంశధార నిండుగా పారతన్నాదంట కదా. గేట్లన్నీ ఎత్తేసి వదిలేసేరంట, నిజమేనా?”

జ్ఞానానందం కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. చర్చిలో సంఘ పెద్ద కదా, అడిగే ముందు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుంది దేవమణి. ప్రార్థన దాకా వచ్చాక ఈయన వెనక్కి పోడు.

కళ్ళు తెరుస్తూనే ఆయన లేచి కర్టెన్ వైపు అడుగులేశాడు. “సెల్లీ, ఓసారి లోపలికి...”

పుస్తకంలో రాసినట్టు పైకెగిరి పోవలసిన మనిషి నేరుగా మీదికొచ్చేస్తున్నాడు. దేవమణి లేచి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

“తిరిగింది సాలు అన్నయ్యా. మీ బెన్హర్‌కి మా పిల్లనివ్వం. ఇప్పుడూ ఇవ్వం, రేపు పైలటయ్యాకా ఇవ్వం. మీ బామ్మర్దికి నేను సెప్పుకుంటాను.”

లోపల మెర్సీ గది తలుపు కిర్రుమని, ఆగింది. జ్ఞానానందం నుదుటి నిండా చెమట. గంజి పెట్టిన లాల్చీ అంచు రెండు గుప్పిళ్ళలో నలిగిపోతోంది.

“ఇవ్వకపోతే మానీయమ్మా” అన్నాడు పళ్ళ బిగువున. “ముందు తప్పుకో. మీ బాత్రూమెటేపు?”