బకెట్ అడుగున పండు

కంచె మీదుగా నా పెరట్లోకి చూసి పక్కింటి ఫెర్గస్ కొయ్యబారిపోయాడు. నా గులాబీల మధ్య అతని టమాటాలు గుత్తులు గుత్తులుగా ఎర్రబడి ఉన్నాయి.

టాస్మానియా మొత్తంలో అతని పెరట్లో తప్ప దొరకని రకం అది. గింజ ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ ఇవ్వనని తండ్రికి మాటిచ్చిన బ్రహ్మచారి అతను; నేనూ ఒంటరిదాన్నే. నా వానపాముల ఎరువు తొట్టికి మాత్రం ప్రతి ఆదివారం బకెట్‌ నిండా కూరగాయల తొక్కలు, వాడేసిన టీ పొడి తెచ్చిచ్చేవాడు.

"నేనేం దొంగతనం చేయలేదయ్యా," అన్నాను నవ్వాపుకుంటూ. "వానపాములు తొక్కలన్నీ తింటాయి గానీ గింజల్ని ముట్టవు. ఆ ఎరువు గులాబీలకేస్తే ఇవి మొలిచాయి."

"తెలుసు."

"ఈ ఏడు ఊరి పోటీలో నీ టమాటాతోనే నిన్ను ఓడిస్తా. ఏడవకు."

"ఏడవను గానీ మెర్ల్, కిందటి వేసవంతా ప్రతి బకెట్ అడుగునా నిక్షేపంలాంటి పండొకటి ఉండేదిగా. ఎందుకనుకున్నావ్?"

"నీకు మతిమరుపనుకున్నా."

ఫెర్గస్ చెవులు టమాటాల్లా అయిపోయాయి. "నువ్వు ఊఁ అంటే," అన్నాడు నేల చూస్తూ, "నాన్నకిచ్చిన మాట తప్పినట్టు కాదు."

నాకు అరవై మూడేళ్లు. కంచెకు గేటుంది. అయినా దూకేశాను.