అద్దం పక్క బల్బు

“అబ్బాయ్, నీ బల్బు మళ్లీ ఆరిపోయింది. తీరిక చూసుకుని కాదు, ఇప్పుడే రా.”

అత్తగారు ఫోను పెట్టేసి గల్లాపెట్టె వెనక కుర్చీలో ఒరిగి కూర్చుంది. బట్టల తాను చుడుతున్న కోడలికి తల కొట్టేసినట్టయింది.

“అత్తయ్యా, నిన్ననేగా వచ్చి వెళ్లాడు. ఆయనకి మాత్రం వేరే పనులుండవా?”

“ఉంటే ఉండనీ. ఎల్‌ఈడీలు వేస్తే కరెంటు ఆదా, ఏళ్ల తరబడి వాటి మొహం చూడక్కర్లేదు అని ఊరించిందెవరు? నేనా?”

కోడలు మళ్లీ తాను చుట్టడంలో పడింది. లైట్లు మార్చాలని పట్టుబట్టింది తనే. పాత ట్యూబులైట్లు జోరీగల్లా రొదపెట్టేవి. అద్దం చుట్టూ ఉన్న పాత బల్బుల వేడికి, బట్ట భుజాన వేసుకుని చూసుకునేవాళ్లకి చెమటలు కారేవి. అన్నిటికీ మించి, ఆ వెలుగులో ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలిసేది కాదు. నలుపని కొనుక్కెళ్లినవాళ్లు మర్నాడు నీలమంటూ గుమ్మమెక్కేవారు. ఇప్పుడు పైకప్పుకి పలకల్లాంటి లైట్లు, అద్దం చుట్టూ, అరల మధ్యా చేతికందే ఎత్తులో చిన్న బల్బులు. ఏ రంగు ఆ రంగులాగే కనిపిస్తోంది. వచ్చిన చిక్కల్లా ఒకటే, ఆ చిన్న బల్బుల్లో ఏదో ఒకటి ఆరిపోతూనే ఉంది.

భర్త పోయినప్పట్నుంచీ ఆ కొట్టే కోడలి లోకం. పొద్దున్నే అత్తాకోడళ్లు కలిసి షట్టరు ఎత్తేవారు, చీకటి పడ్డాక కలిసి దించేవారు. దూరపు చుట్టం ఒకావిడ ఓసారి “చిన్న వయసే కదమ్మా, మళ్లీ పెళ్లి...” అని నోరు విప్పితే, కోడలు ఆవిడతో మాటలే మానేసింది. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎలక్ట్రీషియన్ రానే వచ్చాడు. నలభై దాటిన మనిషి. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసేసరికి తన పెళ్లి సంగతి మర్చిపోయానని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. అద్దం పక్క బల్బు పట్టుకుని తిప్పగానే అది వెలిగింది.

“హోల్డర్లో వదులైందమ్మా. బయట లారీలు పోతుంటే గోడ అదురుతోంది కదా, దానికేమో.”

“మొన్న మూలది, నిన్న గుమ్మం పక్కది, ఇవాళ ఇది. లారీలు వంతులేసుకుని అదరగొడుతున్నాయా?” అంది అత్తగారు.

అతను తలొంచుకుని హోల్డరు కూడా మార్చేశాడు.

“ఊరికే పోకు. అన్నీ ఒకసారి చూసి మరీ వెళ్లు. అమ్మాయ్, నువ్వు దగ్గరుండి చూపించు. నా మోకాళ్ల సంగతి తెలుసుగా.”

కోడలు చూపించింది. వెళ్లేటప్పుడు అత్తగారి తరఫున నొచ్చుకుంది కూడా. “ఆవిడ మాట అలా ఉంటుంది గానీ, మనసులో ఏమీ ఉండదండీ.”

“పర్లేదు, మా అమ్మ ఇంతకంటే గట్టిగా తిట్టేది. తిట్లు వినక చాలా ఏళ్లయింది,” అన్నాడతను.

ఆమె నవ్వింది. కొట్లో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

వానలు మొదలయ్యాయి. బల్బులు ఆరుతూనే ఉన్నాయి, అతను వస్తూనే ఉన్నాడు, అత్తగారు తిడుతూనే ఉంది. ఏ వెలుగులో ఏ బట్ట నిండుగా కనిపిస్తుందో వాళ్లిద్దరూ వాదించుకునే దాకా వచ్చింది. స్కూటరు చప్పుడు వింటే కోడలి చెయ్యి తెలియకుండానే జుట్టు సర్దుకునేది.

ఒకరోజు అతను సంచీ లేకుండా, చిన్నబోయిన మొహంతో వచ్చాడు.

“అమ్మా, నా పనిలోనే ఏదో లోపముంది. ఎంత వెతికినా దొరకట్లేదు. నాకంటే మంచి మేస్త్రిని మాట్లాడాను. రేపొచ్చి అన్నీ విప్పి మళ్లీ బిగిస్తాడు, ఖర్చు నాదే. ఇక నేను రాను.”

అంత నోరున్న అత్తగారు కుర్చీలోంచి లేచింది. “లోపల సరుకు చూసుకోవాలి,” అంటూ మోకాళ్లు పట్టుకుని వెనకగదిలోకి వెళ్లిపోయింది.

అతను గుమ్మం దాకా నడిచాడు. కోడలు నోరు తెరిచేసరికి అతని కాలు ఒకటి మెట్టు మీదుంది.

“లైటు ఆరితేనే రావాలని ఏముందండీ?”

అతను ఆ కాలు అక్కణ్నుంచి తియ్యలేదు.

ఆ మాట అనడం ఒక ఎత్తు, అత్తగారికి చెప్పడం ఒక ఎత్తు. కొడుకును పోగొట్టుకున్న మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? రెండుమూడుసార్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. చివరికి ఒక ఉదయం, షట్టరు ఎత్తుతూ, “అత్తయ్యా, మీతో ఒక మాట,” అంది.

“ఆ బల్బులవాడి సంగతేనా?”

కోడలు తల దించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పనితనం సంగతి దేవుడెరుగు. పిలిస్తే వస్తాడు, తిడితే పడతాడు. అంతకంటే ఏం కావాలే?” అత్తగారు షట్టరు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది. “ఇది ఒంటిచేత్తో దిగదమ్మా. నేనెన్నాళ్లుంటాను?”

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాయి. అతను తన సామానుతో వీళ్లింటికే వచ్చేశాడు. రెండో మేస్త్రి అవసరం రాలేదు.

చాన్నాళ్లకి ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, అతను నిచ్చెన మీద నుంచి లైట్లు తుడుస్తూ ఆగిపోయాడు.

“ఒక్కటే అర్థం కావట్లేదు. మన పెళ్లయ్యాక ఒక్క బల్బూ ఆరలేదు. లారీలు చూస్తే అలాగే తిరుగుతున్నాయి.”

“నిజమే సుమా,” అంది కోడలు. “ఎందుకంటారు అత్తయ్యా?”

అత్తగారు గుండీల డబ్బాలోంచి తలెత్తలేదు.

“వాటిని వదులు చెయ్యడం నేను మానేశాగా.”