బావ పేరున్న బాణం

నానాజీ గీసిన రోలరు మీద దేవీప్రసాద్ బాణం పాకుతోంది.

క్లౌడ్ అంటే ఇంతేనని విశాఖపట్నం కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. ఫైలు ఒక్కటే. అది ఎవరి కంప్యూటర్లోనూ ఉండదు, ఎక్కడినుంచైనా తెరవొచ్చు. తెరిచిన మనిషి పేరు తెర మీద మౌస్ బాణం పక్కనే కనిపిస్తుంది. కొత్త బెల్లం ప్లాంటుకి చెరకు క్రషరు కావాలని రోలర్లు గీసే పని నానాజీకి, వాటిని మోసే ఫ్రేము గీసే పని దేవీప్రసాద్‌కి ఇచ్చారు. అనకాపల్లిలో ఆ రెండు షాపులూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా ఉన్నాయని, చెల్లెలి మొగుడైన దేవీప్రసాద్‌తో నానాజీకి ఏడాదిగా మాటల్లేవని పాపం కంపెనీకి తెలీదు.

అంతకుముందు షాపు ఉమ్మడిదే. నానాజీ గీసేవాడు, బావ మెషీన్లు బిగించేవాడు, చెల్లెలు రాజశ్రీ పెన్సిళ్ళు చెక్కి, కాగితాలు మడతపెట్టి ఇచ్చేది. ఓ రోజు బావ చెప్పాపెట్టకుండా బయటికెళ్ళి, సరిగ్గా కళ్ళెదుటే బోర్డు కట్టాడు. షాపు తలుపు తీసినప్పుడల్లా ఆ బోర్డు చూసి నానాజీకి కడుపు మండిపోతుంది.

ఆ పొద్దున్న కంపెనీ ఇంజనీరు రోజలిన్ ఫోన్ చేసింది. తర్వాతి పనులకు ఇద్దర్లో ఒకరినే ఉంచుకుంటామని చెప్పింది. ఒకరి డ్రాయింగ్ ఒకరు చూసి, తప్పున్నచోట ఎర్ర నోట్ పెట్టమంది. సాయంత్రానికి ఎవరి భాగంలో తప్పులు తక్కువుంటే వాళ్ళకే పని. ఇది పోతే ఈ సీజన్లో నానాజీకి ఇంకో పని లేదు. అయినా ఆయనకి భయం వెయ్యలేదు, పండగలా అనిపించింది. బావ చేత ఆ బోర్డు పీకించే రోజు దానంతటదే వచ్చింది.

టీ కూడా తాగకుండా ఫ్రేమునంతా జల్లెడ పట్టాడు. ఒక్క తప్పూ దొరకలేదు. ఇంత శుభ్రంగా గియ్యడం బావ ఎక్కడ నేర్చుకున్నాడో అంతుపట్టలేదు. ఈలోగా నానాజీ భాగంలో మొదటి ఎర్ర నోట్ పడింది. బేరింగ్ కొలత షాఫ్టుకి సరిపోదట. చూసుకుంటే నిజమే. కాసేపటికి ఇంకోటి పడింది.

"రోలరు పక్కన సందు చాలదు. చెరకు పిప్పి ఇరుక్కుంటుంది. ఈ తప్పు మీకు పాత అలవాటే."

ఆ చివరి మాట దగ్గర నానాజీ చెవులు వేడెక్కాయి. ఈ నోట్లన్నీ అటు విశాఖపట్నంలో రోజలిన్ కూడా చదువుతోంది. ఇంకేం ఆలోచించలేదు. ఫ్రేములో బోల్టు బెజ్జాలు పట్టుకుని కాస్త పక్కకి జరిపాడు. తర్వాత అక్కడ తనే ఎర్ర నోట్ పెట్టాడు, బెజ్జాలు కలవడం లేదని. చేసింది వెధవపనని తెలుసు. తెలిసీ హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. బాణం వచ్చింది. బెజ్జాలు మళ్ళీ వాటి చోట్లోకి వెళ్ళాయి. కింద జవాబు పడింది.

"మీ చెయ్యి జారినట్టుంది. సరిచేశాను. ఇక్కడ ఎవరు ఏది కదిపినా అందరికీ కనిపిస్తుంది, చూసుకోండి."

నానాజీ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. లారీలు కూడా చూసుకోకుండా రోడ్డు దాటాడు. బావ తన షాపు ముందు ఆటోలోంచి పనిముట్లు దించుతున్నాడు. చేతులనిండా గ్రీజు.

"ఏటి బావా, ఊరందరి ముందూ నా పరువు తీత్తన్నావు?"

దేవీప్రసాద్ తెల్లబోయి చూశాడు. "నానేటి సేసేను? నాను పొద్దుట్నుంచీ పాయకరావుపేటలో మిషను బిగిత్తన్నాను. ఇప్పుడే వచ్చేను."

"మరి ఆ పేరు నీది కాదా?"

"పేరు నాదే. ఓనరు పేరు కావాలన్నారు, ఇచ్చేను. గీసేది నాను కాదు." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "నీ షాపు నానెందుకు ఒగ్గేసేననుకున్నావు? డిప్లొమా సదివిన నీ సెల్లి, నానూ గీత్తానని అడిగిన పాపానికి, కస్టమర్ల ముందు నువ్వేటన్నావో నీకు గురుతుందా?"

నానాజీకి గుర్తుంది. నీకు పెన్సిళ్ళు సెక్కే పని సాల్లేవే, అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. ఆ పిల్ల మాత్రం చాకూ పెన్సిలూ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

లోపల కంప్యూటరు ముందు రాజశ్రీ కూర్చునుంది. వెనక్కి తిరగలేదు. ఆమె కదిపినప్పుడల్లా తెర మీద బావ పేరున్న బాణం కదులుతోంది.

అప్పుడే నానాజీ జేబులో ఫోన్ మోగింది. రోజలిన్.

"నానాజీ గారూ, మీరు కంగారుపడకండి. మిమ్మల్ని తీసెయ్యడం లేదు. రోలర్ల పనిలో మీ అనుభవం మాకు కావాలి, అందుకే రెండు షాపులూ ఉంటాయి. కాకపోతే ఇకనుంచి మీరేం గీసినా, ఎదురు షాపు డిజైనరు చూసి సరేనన్నాకే బయటికెళ్తుంది. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, వేరేవాళ్ళని చూసుకుంటాం."

ఇష్టమేనండి, అన్నాడు నానాజీ.

రాజశ్రీ అప్పుడు తిరిగింది. కాలితో ఓ స్టూలు అన్నవైపు నెట్టింది. సొరుగు లాగి చాకూ పెన్సిలూ తీసి ఆయన ముందు పెట్టింది.

"కూకో అన్నియ్యా. నీ డ్రాయింగు తరవాత సూత్తాను. ముందు ఇది సెక్కు."