పదిహేడు పక్కన స్టార్

"నాకు రావాల్సింది ఒక్క రిపోర్టు. పదకొండొచ్చాయేంటమ్మా?"

స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరమ్మాయి తల తిప్పి చూసింది. గుమ్మంలో నిలబడ్డాయన దర్జీ. నిన్న పొద్దున పదిహేడో నంబరు టోకెన్ మీద ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని వెళ్లాడు. మెళ్లో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. మిషను మీంచి లేచినవాడు లేచినట్టే వచ్చేశాడు కాబోలు.

ఆయన చాపిన ఫోనులోకి ఆమె వంగి చూసింది. 17 కింద 170 నుంచి 179 దాకా వరసగా ఉన్నాయి. అక్కడ ప్రతి ఫైలు పేరూ టోకెన్ నంబరుతో మొదలవుతుంది, ఆ తర్వాత ఓ అడ్డగీత, ఆపైన పరీక్ష పేరు. ఇవాళ ఈయన రిపోర్టు పంపే కమాండులో ఆమె ఆ గీత కొట్టడం మరిచిపోయి, పదిహేడు పక్కనే స్టార్ గుర్తు పెట్టేసింది. స్టార్ అంటే 'తర్వాత ఏముంటే అది' అని. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసింది. పదిహేడుతో మొదలైన వాటన్నిటినీ మూటగట్టి ఈయనకు పంపేసింది.

పదిమంది రోగాలు పరాయి మనిషి చేతిలో పడ్డాయి. ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్లిందని ఫిర్యాదొస్తే ఆ క్షణమే ఇంటికి పొమ్మంటానని మేనేజరు ఎప్పుడో చెప్పి ఉంచాడు.

ఆమె దాచలేదు. తప్పు తనదేనని చెప్పి, మిగతావి తన ఎదురుగానే తీసేయమని బతిమాలింది. ఏవైనా తెరిచి చూశారా అని భయంభయంగా అడిగింది.

దర్జీ టేపు కొసను వేలికి చుట్టుకున్నాడు.

"ఒకటి చదివాను. నూట డెబ్బై నాలుగు. అది మంచిది కాదు కదమ్మా?"

"వేరేవాళ్లది నేను చెప్పకూడదు బాబాయిగారూ."

ఆయన మళ్లీ అడగలేదు. ఆమె కళ్లు దించుకోవడంతోనే జవాబు దొరికినట్టుంది. ఫోను తీసుకుని ఒక్కొక్క ఫైలే తీసేయసాగాడు. నూట డెబ్బై నాలుగు దగ్గర బొటనవేలు ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి అదీ తీసేశాడు.

మేనేజరుకు చెప్పొద్దని ఆమె చేతులు జోడించింది. చెప్పనని మాటిచ్చి ఆయన వెళ్లబోయాడు. తలుపు సగం తెరిచి, హాల్లోకి చూసి, చప్పుడు కాకుండా మళ్లీ మూసేశాడు.

వెనకవైపు నుంచి బయటికి దారుందా అని అడిగాడు. ఆ దారి మేనేజరు గది పక్కనుంచే పోతుంది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మాటిచ్చారు కదా బాబాయిగారూ."

"మీ మేనేజరుతో నాకేం పనమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "చెల్లెలింటికి వెళ్తున్నానని నాతో చెప్పి, ఆ బెంచీ మీద నూట డెబ్బై నాలుగో టోకెన్ పట్టుకు కూర్చుంది మా ఆవిడ. నాకు తెలిసిపోయిందని తనకు తెలియకూడదు."