ఎవరి సీసా వాళ్లది

బొగ్గు బాయి దవాఖానా వరండాలో బెంచీకి ఆ కొసన కాశయ్య, ఈ కొసన సీతయ్య. చేతుల్లో మూత్రం సీసాలు, వాటి మీద పేర్ల చీటీలు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు. పదేళ్లుగా మాటల్లేవు, తిట్లే. వాళ్లు తిట్టుకుంటే బాయిలో బొగ్గు దానంతటదే ఊడిపడేదని చెప్పుకుంటారు.

లోకమంతా రోగం లేదనిపించుకోవడానికి దవాఖానాకు పోతుంది. వీళ్లు ఉందనిపించుకోవడానికి వచ్చారు. డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే తండ్రి ఉద్యోగం బిడ్డకు వస్తుంది. రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలుండగానే రాయించుకోవాలి. కాశయ్యకు ఈ నెలే ఆఖరి అవకాశం. కూతురు నవత డిగ్రీ చదివి అశ్వారావుపేటలో పామాయిల్ గెలలు మోస్తోంది.

"దున్నపోతు లెక్క ఉన్నవ్. నీకేం రోగం?" అన్నాడు సీతయ్య.

"రోజూ నీ మొఖం సూసుడే రోగం."

సీతయ్య కాళ్లు చాపాడు. పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. "ఇగో, రోగమంటే గిది. వచ్చే నెల మా కొడుకు సంపత్ డ్యూటీ ఎక్కుతడు."

ల్యాబులోంచి టెక్నీషియన్ మధులత వచ్చింది. "లొల్లి ఆపుండ్రి. కిడ్నీలు జల్లెడల లెక్క. రక్తంలకెళ్లి రోజుకు నూట ఎనభై లీటర్లు వడగడ్తయ్."

"నూట ఎనభయ్యా? కాశయ్య తాగేది గూడ గంత ఉండదు."

"ఉన్న అయిదు లీటర్ల రక్తమే తిరిగి తిరిగి వస్తది. మంచిదంతా మళ్ల రక్తంల కలిపి, చెత్తను లీటరున్నర నీళ్లల్ల బయటికి తోల్తయ్. జల్లెడ చినిగితే ఒంట్ల సత్తువ గూడ మూత్రంల పోతది. గదే నేను సూసేది."

సీతయ్య సీసా బెంచీ మీద పెట్టి చాయ్‌కి లేచాడు. "ముట్టకు. నీ దరిద్రం అంటుతది," అని చెప్పి మరీ పోయాడు.

మధ్యాహ్నం డాక్టరు ఇద్దర్నీ పిలిచాడు.

"సీతయ్యా, నీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. అన్‌ఫిట్ రాస్తున్నా. మందులు ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. కాశయ్యా, నీవి అద్దంలా ఉన్నాయి. రేపు బాయి దిగు."

బయటికి రాగానే సీతయ్య పళ్లు బయటపెట్టాడు. "ఇనుప కిడ్నీలు రా నీయి. ఇంకో రెండేండ్లు కొట్టు బొగ్గు."

కాశయ్య డాక్టరు గది వైపు రెండడుగులు వేసి, ఆగాడు. డాక్టరుకు ఏం చెప్పినా ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది.

పొద్దున సీతయ్య చాయ్ తాగి వచ్చేలోపు రెండు సీసాల చీటీలూ ఊడదీసి, మార్చి అంటించింది కాశయ్యే.