నాయనమ్మ బెర్త్

సికింద్రాబాద్‌లో రైలెక్కాక హిమజకు సంగతి తెలిసింది. తమ నలుగురికీ ఏసీ పెట్టెలో బెర్తులు, నాయనమ్మకు మాత్రం స్లీపర్.

"సెలవులకు వైజాగ్ చూపిస్తనని తీసుకొచ్చి, ఆమెను ఒక్కదాన్నే గిట్ల వేరే పెట్టెల పడేస్తవా డాడీ? సిగ్గనిపిస్తలేదా?"

తండ్రి తల దించుకొని బ్యాగులు సీటు కిందికి తోయసాగాడు. దాంతో ఇంకా మండిపోయి, రైలు కదలకముందే హిమజ దిగి ప్లాట్‌ఫారం వెంట పరుగెత్తి స్లీపర్ పెట్టె ఎక్కింది.

నాయనమ్మ కిటికీ పక్కన కాళ్లు చాపుకొని కూర్చుంది.

"లే నాయనమ్మా, నా బెర్త్‌కు నువ్వు పో. నేనిక్కడ కూసుంటా."

నాయనమ్మ మొహం మాడ్చుకుంది. "ఇక్కడికి సుత వచ్చినవా? పొద్దున లేస్తే మీ టిఫిన్లు, మీ స్నానాలు, మీ తమ్ముని ఏడుపు. ఒక్క పూటన్నా నన్నెవ్వరు పిలువని జాగల కూసోవాలని, మీ నాయినతోని కొట్లాడి తీయించుకున్న టికెట్ ఇది. పో."

హిమజ దిగి చూసేసరికి ఆ కిటికీ షట్టర్ దించేసి ఉంది.