ఎనిమిదో రోజు

“తాళంచెవులు పోయాయా? ఈ మాట నేను నమ్మాలా, రఘూ?”

ఫోన్‌లో రాగిణి గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, పక్క క్యాంప్‌సైట్‌లో కాఫీ తాగుతున్న అమెరికన్ ముసలాయన కూడా తలెత్తి చూశాడు. రఘువీర్ ఫోన్‌ని చెవికి ఇంకాస్త నొక్కుకుని లేక్ వైపు నాలుగడుగులు వేశాడు.

“నిజమే చెప్తున్నాను. రాత్రి ట్రైలర్ చక్రానికి లాక్ వేశా. ట్రక్‌కి తగిలించిన చోట ఇంకో లాక్. రెండు కీస్ ఒకే రింగ్‌లో ఉన్నాయి. ఇప్పుడు ట్రైలర్ కదలదు, దాన్ని వదిలేసి ట్రక్కూ కదలదు.”

“ఎడారిలో రెండు తాళాలెందుకు? నీ ట్రైలర్‌ని ఎవడెత్తుకుపోతాడు?”

“అలవాటు.”

“స్పేర్ కీస్?”

“మిషిగన్‌లో ఉన్నాయి.”

“బాగుంది! సాయంత్రం ఆరింటికి దియ సన్నీవేల్‌లో నా గుమ్మం ముందుండాలి. అది మన అగ్రిమెంట్. ఆరు దాటిందా, వచ్చే ఏడాది ఈ ట్రిప్ ఉండదు. లాయర్‌తో మాట్లాడతాను, చెప్తున్నా!”

ఫోన్ పెట్టేసింది.

రాగిణి నమ్మకపోవడంలో తప్పేమీ లేదు. ఆమె స్థానంలో ఉంటే రఘువీర్ కూడా నమ్మేవాడు కాదు. ఎందుకంటే తాళంచెవులు పోలేదు. ట్రైలర్‌లో, వంటగట్టు కింద, బియ్యం డబ్బా అడుగున నిక్షేపంగా ఉన్నాయి. తెల్లవారుతుండగా, కూతురు ముసుగుతన్ని పడుకుని ఉండగా, మోచేతి దాకా బియ్యంలోకి చెయ్యి దూర్చి మరీ పెట్టాడు.

విడిపోయిన తర్వాత ఏడాదికి ఏడు రోజులు దియ అతనిది. ఆ ఏడు రోజుల కోసం మిగతా ఏడాదంతా మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మ్యాపులు ముందేసుకుని కూర్చునేవాడు. ఈరోజుతో ఆ ఏడూ అయిపోతాయి. డెబ్బై మైళ్లు పోయినా ఒక్క గ్యాస్ స్టేషన్ కనిపించని ఈ నెవాడా రోడ్డు కూడా అతనికి చాల్లేదు. యాభై దాటకుండా నడిపాడు. కొండ కనిపిస్తే ఆపాడు, గుర్రం కనిపిస్తే ఆపాడు. అయినా సన్నీవేల్ దగ్గరికి వచ్చేస్తూనే ఉంది. ఇంకొక్క రోజు. మహాప్రభో, ఒక్కటంటే ఒక్క రోజు! అంతకు మించి అతను కోరుకున్నదేమీ లేదు.

క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే ఆవిడ వచ్చి, వంగి తాళాలు చూసి, పెదవి విరిచింది. తాళాలు తీసే మనిషి వంద మైళ్ల అవతల ఉంటాడని, ఆదివారం పూట రాడని, రేపు మధ్యాహ్నానికి వస్తే వచ్చినట్టని చెప్పింది. పాపం అని జాలిపడింది కూడా. ముఖం దిగులుగా పెట్టుకోవడానికి రఘువీర్ నానా తంటాలు పడ్డాడు.

కానీ దియ ఊరుకుంటేనా? పదకొండేళ్ల పిల్ల, పిక్నిక్ బల్ల కింద మోకాళ్ల మీద పాకుతూ వెతుకుతోంది. నిన్నటి నెగడు బూడిదను కూడా పుల్లతో కెలికి చూసింది. జుట్టు నిండా దుమ్ము.

“నాన్నా, నీ జాకెట్ పాకెట్స్ చెక్ చేశావా?”

“చేశాను తల్లీ.”

“మళ్ళీ చెక్ చెయ్.”

“దొరకవులే. రేపు వెళ్దాం. మధ్యాహ్నం మళ్ళీ ఫిషింగ్ చేద్దామా?”

“బట్, అమ్మ వెయిటింగ్ కదా!”

ఆ మాటతో అతని ఉత్సాహం కాస్తా చప్పున చల్లారిపోయింది. పిల్లకి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాలని ఉంది. ఉండదా మరి! తనకి ఉంచుకోవాలని ఉన్నంత మాత్రాన దానికి ఉండిపోవాలని ఉండాలా?

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి రాగిణి అరవలేదు.

“దానికివ్వు,” అంది.

దియ ఫోన్ తీసుకుని స్పీకర్‌లో పెట్టింది.

“అమ్మా, నాన్న లై చెప్పట్లేదు. ఐ ప్రామిస్. మేము ఎవ్రీవేర్ చూశాం.”

“సరే నాన్నా, జాగ్రత్త. దొరికితే వెంటనే బయల్దేరండి,” అంది రాగిణి. ఆ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. రఘువీర్‌కి ఆ బెంగ బాగా తెలిసిందే.

అతను అక్కడ నిలబడలేకపోయాడు. తన అబద్ధానికి ఆ పసిది ప్రామిస్ చేసింది! దుమ్ములో పడి దొర్లుతూ వెతికింది! ఛీ, ఏం తండ్రిని నేను అనుకున్నాడు. వాచీ చూసుకున్నాడు. తొమ్మిదిన్నర. ఇప్పుడు బయల్దేరి, దారిలో ఎక్కడా ఆపకుండా పోతే ఆరింటికి అందుకోవచ్చు.

“ట్రైలర్‌లో ఇంకోసారి చూసొస్తానుండు,” అన్నాడు.

లోపలికి వెళ్లి బియ్యం డబ్బా మూత తీశాడు. మంచం సందులో దొరికాయని చెబితే సరిపోతుందనుకుంటూ చెయ్యి పెట్టాడు. వేళ్లకు బియ్యమే తగిలాయి. ఇంకా లోపలికి పెట్టాడు. డబ్బా అడుగు తగిలింది కానీ ఇనుము తగల్లేదు. నాలుగు మూలలా తడిమాడు. డబ్బా ఎత్తి బియ్యమంతా వంటగట్టు మీద కుమ్మరించాడు. గింజలు జలజలా నేల మీదికి జారాయి. తాళంచెవులు లేవు.

తలుపు దగ్గర అలికిడైంది. దియ గడప మీద నిలబడి, చేతుల దుమ్ము జీన్స్‌కి తుడుచుకుంటోంది.

“రైస్ వేస్ట్ చెయ్యకు నాన్నా, మనకి డిన్నర్‌కి కావాలి,” అంది. “అమ్మ సెకండ్ టైమ్ కాల్ చేస్తే నువ్వు గివ్ అప్ చేస్తావ్ అని నాకు తెలుసు. అందుకే నువ్వు బ్రష్ చేసేటప్పుడే తీసి, లేక్‌లోకి విసిరేశా.”